మే నెలలో ఒక శని, ఆదివారాలు: విజయనగరం నుంచి ఐదుగురు స్నేహితురాళ్ళం ఎక్కడికి వెళ్ళాలి?

ప్రశ్న: గంటస్తంభం (విజయనగరం)

అందరికీ నమస్కారం. విజయనగరంలో కలిసి చదువుకున్న ఐదుగురు స్నేహితురాళ్ళం ఈ మే నెలలో ఒక శని, ఆదివారాలు కలిసి గడపాలని నిశ్చయించుకున్నాం. పిల్లల చదువులు, పెద్దవాళ్ళ అనారోగ్యాలు, బదిలీలు అంటూ ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలోనూ పరామర్శలలోనూ తప్ప మేము కలుసుకున్నది లేదు. అక్కడ కూడా నలుగురి మధ్యలో నాలుగు మాటలు చెప్పుకుని విడిపోవడమే అయింది. అందుచేత ఇంటి పనీ వంట పనీ లేని చోట ఒక రాత్రి, రెండు పగళ్ళు మాకు మేముగా ఉండాలన్నది మా కోరిక.

మాకు కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. హైదరాబాదు నుంచి వచ్చే ఆమె శనివారం ఉదయం తొమ్మిది ప్రాంతంలో విజయనగరం స్టేషనులో దిగుతుంది, ఆదివారం రాత్రి మళ్ళీ రైలెక్కాలి. ఒకామెకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. మరొకామెకు ఘాట్ రోడ్డు మీద కడుపులో తిప్పుతుంది. ఒకరు రక్తపోటుకు మందులు వాడుతున్నారు. ఇద్దరం శాకాహారులం. కారు ఉంది, నమ్మకమైన డ్రైవరు ఉన్నాడు. అరకు వెళ్దామని ఇద్దరు, సముద్రానికి వెళ్దామని ఇద్దరు పట్టుబడుతున్నారు. రెండూ చూసేద్దామన్న మాట కూడా వచ్చింది. ఎటూ తేల్చవలసిన మాట నాదే అయింది. వేసవిలో ఈ చుట్టుపక్కల తిరిగినవారు సలహా ఇవ్వగలరు. వెళ్ళేది ఆడవాళ్ళమే కనుక బస సంగతి కూడా దయచేసి చెప్పండి.

జవాబు: గోస్తనీ తీరం (శృంగవరపుకోట)

గంటస్తంభం గారూ, అరకు దారిలోనే మా ఊరు కాబట్టి ముందుగా అరకు సంగతి చెబుతాను. మే నెల అరకు, మీరు ఫొటోలలో చూసే అరకు ఒకటి కాదు. పసుపు పచ్చని వలిసె పూలు శీతాకాలపు ముచ్చట. జలపాతాలు నిండుగా దూకేది వానలు పడ్డాక. వేసవిలో చాపరాయి దగ్గర కూడా నీరు సన్నగిల్లి రాళ్ళే ఎక్కువగా కనబడతాయి. మైదానం కంటే చల్లగా ఉంటుందన్నది నిజమే, సాయంత్రాలు హాయిగా ఉంటాయన్నదీ నిజమే, కాని మధ్యాహ్నం ఎండ అక్కడా ఎండే. పైగా సెలవులలో శని, ఆదివారాలకు పర్యాటక శాఖ హరిత హోటళ్ళు మొదలుకొని అన్నిచోట్లా గదులు ముందే నిండిపోతాయి.

ఘాట్ రోడ్డు పడని ఆమెకు రైలు మంచి మార్గం. కొత్తవలస, కిరండూల్ మార్గంలో సొరంగాలు దాటుకుంటూ వెళ్ళడమే సగం ఆనందం. అయితే ఆ రైలు విశాఖలో ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరుతుంది. తొమ్మిదికి విజయనగరంలో దిగే మనిషి దాన్ని కొత్తవలసలో కాదు, మా ఊళ్ళో కూడా అందుకోలేదు. అంటే మీ ఐదుగురూ కలిసి ఘాట్ రోడ్డు మీద కారులో వెళ్ళవలసిందే. బొర్రా గుహలలో మెట్లు చాలా ఉన్నాయి, లోపల చెమ్మ వల్ల జారుడు కూడా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆమె పైన కూర్చుని మిగిలినవారి కోసం ఎదురుచూడడం కలిసి వెళ్ళడం అనిపించుకోదు. ఈ పరిస్థితులలో మీకు అరకు నేను చెప్పను. నవంబరు, డిసెంబరు నెలల్లో, అందరూ ముందు రోజు రాత్రే చేరుకోగలిగినప్పుడు వెళ్ళండి. అప్పుడు రైలు కూడా అందుతుంది.

దగ్గరలో కావాలంటే గంట్యాడ మండలంలో గోస్తని మీద కట్టిన తాటిపూడి జలాశయం ఉంది. విజయనగరం నుంచి గంట ప్రయాణం. చుట్టూ కొండలు, సాయంత్రం గట్టు మీద గాలి, దారి పొడుగునా మామిడి తోటలు. అయితే వేసవిలో నీటిమట్టం తగ్గి ఉంటుంది. పడవ షికారు ఉంటుందన్న ఆశతో వెళ్ళకండి, ఉంటే సంతోషించండి. అక్కడికి ఒక సాయంత్రం చాలు, రాత్రి బసకు మాత్రం నేను చెప్పలేను.

జవాబు: వంశధార (శ్రీకాకుళం)

గోస్తనీ తీరం గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నా మాట ఒక్కటే: మే నెలలో మన జిల్లాలలో పగటికి రెండు కొసలు మాత్రమే మనవి. ఉదయం తొమ్మిది లోపు ఒకటి, సాయంత్రం నాలుగున్నర తరువాత ఒకటి. మధ్యలో ఉన్న ఏడెనిమిది గంటలూ నీడ పట్టున ఉండవలసినవే. ఆ లెక్కన రెండు రోజులకు మీ చేతిలో ఉండేవి ఒక సాయంత్రం, ఒక ఉదయం. ఈ రెంటికీ రెండు చోట్లు చాలు. అరకూ, సముద్రమూ రెండూ చూడాలనుకుంటే ఆ మధ్యాహ్నాలన్నీ కారులోనే గడిచిపోతాయి. మీరు కోరుకున్నది మాట్లాడుకోవడం కనుక, మధ్యాహ్నాలను వృథా సమయంగా చూడకండి. మీ ప్రయాణానికి అసలు ఫలం ఆ నాలుగు గోడల మధ్యనే ఉంది.

కాబట్టి మా వైపు రండి. విజయనగరం నుంచి నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, రణస్థలం మీదుగా శ్రీకాకుళం చేరడానికి సుమారు గంటన్నర పడుతుంది. ఘాట్ లేదు. ఊరి మధ్యలో, కుటుంబాలు దిగే హోటలు చూసుకుని, ఒకే అంతస్తులో పక్కపక్కనే రెండు గదులు తీసుకోండి. ఒక గది కాస్త పెద్దదైతే మధ్యాహ్నం ఐదుగురూ అందులోనే చేరవచ్చు. లిఫ్టు ఉందా, కరెంటు పోతే ఏసీకి కూడా జనరేటరు ఉందా అన్న రెండు ప్రశ్నలు ఫోనులోనే అడగండి. చాలాచోట్ల జనరేటరు ఫ్యాన్లకూ దీపాలకూ మాత్రమే ఉంటుంది, వేసవి మధ్యాహ్నం ఆ తేడా బాగా తెలుస్తుంది. సముద్రం ఒడ్డునే బస కావాలన్న ఆశ వదులుకోండి. రాత్రి వేళ మందూ మాకూ, మనుషులూ అందుబాటులో ఉండే చోటే ఆడవాళ్ళకు నిశ్చింత.

శనివారం నాలుగు దాటాక గార మీదుగా కళింగపట్నం వెళ్ళండి. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు దీపస్తంభం, సరుగుడు తోటలు, విశాలమైన ఇసుక తీరం ఉన్నాయి. ఇసుకలో నడక మోకాళ్ళకు కష్టం కాబట్టి ఆమె కోసం ఒక మడత కుర్చీ కారులో పెట్టుకోండి. మన తీరంలో సూర్యుడు నేల వైపు అస్తమిస్తాడు, సముద్రం మీద కనిపించేది ఉదయమే. అయితే వైశాఖ పౌర్ణమికి దగ్గరలో ఉన్న శనివారం దొరికితే వదులుకోవద్దు. పొద్దు కుంకే వేళకు అటు నీళ్ళలోంచి చంద్రుడు లేస్తాడు. నేను ఈ తీరంలో చూసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

ఒక్క హెచ్చరిక తప్పనిసరిగా చెప్పాలి. నీళ్ళలోకి పాదాలు తడిసే మేరకే వెళ్ళండి. నది కలిసే చోట ఇసుక మేటలు స్థలం మారుతూ ఉంటాయి, ప్రవాహం లోపలికి లాగుతుంది, పౌర్ణమి, అమావాస్యలకు ఆటుపోట్లు మరింత బలంగా ఉంటాయి. ఈత వచ్చినవాళ్ళకు కూడా ఇదే మాట.

ఆదివారం ఉదయం ఐదున్నరకే బయలుదేరి శాలిహుండం వెళ్ళండి. వంశధార దక్షిణపు ఒడ్డున చిన్న కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, విహారాల శిథిలాలు ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి గారు ఈ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు, సవరల భాష కోసం ఆయన పడిన శ్రమ కొందరికి తెలుసు, ఈ ఇటుకల గుట్టను గుర్తించినది కూడా ఆయనేనన్న సంగతి మన జిల్లా పిల్లలకు సైతం చెప్పేవారు తక్కువ. పైనుంచి చూస్తే కింద వంశధార ఇసుక తిన్నెలతో సాగిపోతూ కనబడుతుంది. అక్కడ నీడ దాదాపు లేదు. ఎనిమిది దాటితే రాళ్ళూ ఇటుకలూ వేడెక్కుతాయి కనుక ఆ లోపే దిగిపోవాలి. ఎక్కడం కొంత ఉంది. మోకాళ్ళ ఆమె మెల్లగా, ఎక్కగలిగినంత మేరకే ఎక్కి ఆగిపోయినా నది కనబడుతుంది.

తిరిగి వచ్చే దారిలో శ్రీకూర్మం ఆగండి. విష్ణువును కూర్మావతారంలో కొలిచే అరుదైన ఆలయం. రాతి మండపాలు ఎండ పూట కూడా చల్లగా ఉంటాయి, స్తంభాల మీద శిల్పం తీరిగ్గా చూడదగినది, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను సంరక్షిస్తున్నారు. అరసవల్లి మాత్రం ఆదివారం పెట్టుకోకండి. సూర్య దేవాలయం కాబట్టి ఆ రోజు రద్దీ విపరీతంగా ఉంటుంది. వెళ్ళాలనుంటే శనివారం ఊళ్ళోకి రాగానే వెళ్ళండి, పట్టణానికి ఆనుకునే ఉంది.

తేలినీలాపురం పక్షుల కోసం ఎవరైనా చెబితే వినకండి. ఆ కొంగలు, గూడబాతులు వేసవి ముదిరేసరికి వెళ్ళిపోతాయి.

జవాబు: తోటపాలెం (విజయనగరం)

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చోటు గురించి పైవారు బాగా చెప్పారు, నేను ఒంటి సంగతి చెబుతాను.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. మే 25 ప్రాంతంలో కార్తె మొదలవుతుంది కనుక, వీలైతే రెండో వారంలోనో మూడో వారంలోనో ముగించుకోండి. సముద్రం దగ్గర చల్లగా ఉంటుందన్న నమ్మకం అన్ని రోజులకూ పనికిరాదు. పడమటి గాలి బలంగా వీచే రోజున సముద్రపు గాలి నేల మీదికి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ రోజుల్లోనే వడగాడ్పులు కొడతాయి. గాలి వచ్చిన రోజున కూడా ఉక్క వల్ల చెమట ఆరదు. కాబట్టి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ఇచ్చే హెచ్చరికలను శుక్రవారం రాత్రి ఒకసారి చూడండి. గార, శ్రీకాకుళం మండలాలకు తీవ్ర హెచ్చరిక ఉంటే వారం వాయిదా వేయండి. సాయంత్రం ఉరుములు మొదలైతే తీరం మీదా, సరుగుడు చెట్ల కిందా ఉండకుండా కారులోకి వచ్చేయండి. మే నెలలో పిడుగులు మన వైపు ఎక్కువ.

రక్తపోటుకు వాడే మందులలో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి ఉంటాయి. ఆ స్నేహితురాలు ప్రయాణానికి ముందు తన డాక్టరును అడిగి తెలుసుకోవడం మంచిది. మానేయడం, తగ్గించడం సొంతంగా చేయకూడదు. దాహం వేసేదాకా ఆగకుండా అందరూ నీళ్ళు తాగుతూ ఉండాలి. దారిలో మరుగుదొడ్లు ఉండవని ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేస్తాం. వేసవిలో ఎక్కువగా దెబ్బతీసేది ఈ అలవాటే. శ్రీకాకుళం హోటలులో బయలుదేరే ముందు, రహదారి మీద పెట్రోలు బంకులలో ఆగుదామని ముందే అనుకుంటే ఆ బెంగ ఉండదు. ఎవరికైనా ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే, పొంతన లేకుండా మాట్లాడితే, అది అలసట అనుకోకుండా వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోను చేయండి.

తిండికి పులిహోర, దద్దోజనం ఉండనే ఉన్నాయి. దద్దోజనం ఉదయం పది లోపు తినేయాలి, ఎండలో పెట్టిన కారులో ఉంచకూడదు. ఒక పెద్ద ఫ్లాస్కులో మజ్జిగ కలిపిన చోడి అంబలి, నాలుగు ఉల్లిపాయలు పట్టుకెళ్ళండి. దారిలో తాటి ముంజలు అమ్ముతారు. అప్పటికప్పుడు కాయ కొట్టి ఇచ్చినవే తీసుకోండి.

గంటస్తంభం (విజయనగరం)

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులు మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. అరకు అన్న ఇద్దరూ రైలు సంగతి విని, శీతాకాలానికి సరేనన్నారు. శ్రీకాకుళంలో బస, శనివారం సాయంత్రం కళింగపట్నం, ఆదివారం ఉదయం శాలిహుండం, శ్రీకూర్మం అని నిర్ణయించుకున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. మాలో చేపలు తినే ముగ్గురూ తీరంలో తాజా చేపలు కొని వండించుకోవాలని ఆశపడుతున్నారు, అది కుదురుతుందా? ఆదివారం శ్రీకాకుళం నుంచి ఎన్ని గంటలకు బయలుదేరితే రాత్రి రైలు నిశ్చింతగా అందుతుంది?

జవాబు: వంశధార (శ్రీకాకుళం)

చేపల మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక అది అవసరమైన నియమం. ఇంజను లేని తెప్పల మీద వెళ్ళేవారు తెచ్చేది కొద్దిగా ఉంటుంది, అది ఊళ్ళోనే అమ్ముడైపోతుంది. దొరికితే తెల్లవారుజామున వచ్చినవారికి దొరుకుతుంది గాని సాయంత్రం వచ్చిన మీకు దొరకదు. శ్రీకాకుళంలో మంచి భోజనం చేయండి, రొయ్యలైతే చెరువులవి ఎప్పుడూ ఉంటాయి.

రైలు సంగతి: ఆమె తిరుగు టికెట్టు ఇంకా తీసుకోకపోతే విజయనగరం నుంచి కాకుండా ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను నుంచి తీసుకోమనండి. మన వైపు నుంచి హైదరాబాదు వెళ్ళే రైళ్ళు ముందు అక్కడికి వచ్చి, ఆ తరువాతే విజయనగరం చేరతాయి. తీసుకునే రైలు అక్కడ ఆగుతుందో లేదో మాత్రం చూసుకోవాలి. విజయనగరం నుంచి తీసుకున్న టికెట్టుతో అంతకు ముందు స్టేషనులో ఎక్కడానికి వీలుండదు కనుక ఇది ఇప్పుడే తేల్చుకోండి. పట్టణం నుంచి ఆ స్టేషను అరగంట దూరం. అలా చేస్తే ఆమెను రైలెక్కించాక మిగిలినవారు బయలుదేరవచ్చు, ఆదివారం సాయంత్రం మీకు ఇంకొంత మిగులుతుంది. టికెట్టు ఇప్పటికే తీసుకుని ఉంటే, రైలు వేళకు మూడు గంటల ముందు శ్రీకాకుళం వదలండి.