పర్డ్యూ 2023-24: ఫైనల్లో ముంచింది టర్నోవర్లా, త్రీలా, ఇంకేదైనానా?

బాయిలర్_బెజవాడ

నిన్న వేరే చర్చలో ఓరుగల్లు అన్న "పర్డ్యూకి 2024లో కప్పు చేజారింది టర్నోవర్ల వల్లే, సీజన్ మొత్తం అదే జబ్బు" అని రాశాడు. అక్కడ జవాబిస్తే అసలు చర్చ పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను. ఆ సీజన్‌తో కలిపి రెండేళ్లు నేను పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫాయెట్‌లోనే మాస్టర్స్ చేశాను, టికెట్ దొరికిన ప్రతిసారీ జట్టు సొంత స్టేడియం మాకీ అరీనాకి వెళ్లాను, కాబట్టి ఈ జట్టు మీద మాట పడితే ఊరుకోలేను.

కాలేజీ బాస్కెట్‌బాల్ చూడనివాళ్ల కోసం ముందు కాస్త నేపథ్యం. టర్నోవర్ అంటే షాట్ వేయకుండానే బంతి అవతలి జట్టుకి పోగొట్టుకోవడం, త్రీ అంటే గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్, రీబౌండ్ అంటే తప్పిన షాట్ బంతిని అందుకోవడం. ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీ జట్టు 2023-24లో 34 గెలిచి 5 ఓడింది. బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో 17-3. రింగు దగ్గర ఆడే సెంటర్ జాక్ ఎడీ 7 అడుగుల 4 అంగుళాలు, మ్యాచ్‌కి సగటున 25.2 పాయింట్లు, 12.2 రీబౌండ్లు. దేశంలో ఉత్తమ ఆటగాడిగా వరుసగా రెండో ఏడాది ఎంపికయ్యాడు, రాల్ఫ్ శాంప్సన్ తర్వాత అలా ఎవరికీ జరగలేదు. 1980 తర్వాత మొదటిసారి జాతీయ టోర్నమెంట్ ఫైనల్ ఫోర్‌కి (సెమీస్‌కి) వెళ్లి, 2024 ఏప్రిల్ 8న ఫైనల్లో యూకాన్ (కనెటికట్ యూనివర్సిటీ) చేతిలో 75-60తో ఓడిపోయింది.

ఇప్పుడు నా వాదన. సెమీస్‌లో నార్త్ కరోలినా స్టేట్ మీద మనవాళ్లు 16 సార్లు బంతి పోగొట్టుకున్నారు. పదహారు! అయినా 63-50తో గెలిచారు, ఎందుకంటే ఆ రోజు 10 త్రీలు పడ్డాయి. రెండు రోజుల తర్వాత ఫైనల్లో పడిన త్రీలు ఒక్కటంటే ఒక్కటి, వేసినవి ఏడు. సీజన్‌లో 40 శాతం పైగా త్రీలు కొట్టి దేశంలోనే మొదటి వరుసలో నిలిచిన జట్టు ఇది. టర్నోవర్లే జబ్బయితే సెమీస్‌లోనే ఇంటికి పోవాలి కదా, ఫైనల్ దాకా ఎలా వచ్చింది?

ఓరుగల్లు పాయింట్ గార్డ్

తమ్ముడూ, ఒక్క సెమీస్ చూపించి సీజన్‌ని తేల్చేయకు. సెమీస్‌లో ఎదురుగా ఉన్నది 11వ సీడ్ (సీడ్ అంటే టోర్నమెంట్‌కి ముందు ఇచ్చే ర్యాంకు, 1 అన్నిటికన్నా బలమైనది, 16 అన్నిటికన్నా బలహీనమైనది). వాళ్లు 50 పాయింట్లే కొట్టారు కాబట్టి మీ 16 తప్పులు కనపడకుండా పోయాయి.

ఈ జట్టు చరిత్ర చూడు. 2021లో 13వ సీడ్ నార్త్ టెక్సస్ చేతిలో ఓటమి. 2022లో 15వ సీడ్ సెయింట్ పీటర్స్ చేతిలో 67-64. 2023లో నంబర్ వన్ సీడ్‌గా దిగి 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58. పురుషుల టోర్నమెంట్ చరిత్రలో ఒక నంబర్ వన్ అలా ఓడడం అది రెండోసారి మాత్రమే, అంతకుముందు 2018లో వర్జీనియాకే జరిగింది. ఆ ఫెయిర్లీ డికిన్సన్ మ్యాచ్‌లో పర్డ్యూ టర్నోవర్లు 16. ఎదురుగా ఉన్నది డివిజన్ వన్ మొత్తంలో అతి పొట్టి జట్టు. వాళ్ల చిన్న గార్డులు (బయట బంతి నడిపే ఆటగాళ్లు) ఫుల్ కోర్టు అంతా మీద పడిపోతుంటే పర్డ్యూ గార్డులు బంతి దాచుకోలేకపోయారు.

నేను జిల్లా జట్టుకి పాయింట్ గార్డ్‌గా ఆడినవాడిని, పోస్ట్‌లో, అంటే రింగు దగ్గర, పొడుగు మనిషికి బంతి అందించడం ఎంత కష్టమో చెప్తా విను. బయట నుంచి చూసేవాళ్లు "పైకి విసిరితే పోలా, అందుకుంటాడు" అంటారు. కానీ నీ మీద ఒకడు చెయ్యి చాపి ఉంటాడు, పోస్ట్‌లో ముందుకొచ్చి ఇంకొకడు అడ్డం నిలబడతాడు, అవతలి మూల నుంచి మూడోవాడు కదలడానికి రెడీగా ఉంటాడు. ముగ్గురి మధ్యా ఉన్న సందు అర సెకను తెరుచుకుంటుంది. ఆ అర సెకనులో డ్రిబుల్ ఆపేశావో, ఇక నీ చేతిలో ఉన్నది బంతి కాదు, బాంబు. ఆ పర్డ్యూ ఆట మొత్తం ఆ ఒక్క పాస్ మీద నడిచేది, అందుకే వాళ్లకి టర్నోవర్లు ఎక్కువ. అది ఆ ఆట తీరులోనే ఉంది, నంబర్లలో తర్వాత కనిపిస్తుంది.

హార్ట్‌ఫర్డ్ తెలుగోడు

నేను కనెటికట్‌లో ఉంటాను, యూకాన్ అభిమానిని, కాబట్టి నా మాట ఒకవైపే అనిపిస్తే ముందే క్షమించండి. కానీ ఆ ఫైనల్‌ని రికార్డింగ్‌లో నాలుగుసార్లు చూశాను.

సీజన్ మొత్తం పర్డ్యూ మీద ఆడిన జట్లన్నీ ఏం చేశాయి? ఎడీ చేతికి బంతి రాగానే ఇద్దరు మీద పడ్డారు. అతను బయటికి పాస్ ఇచ్చాడు. అక్కడ ఖాళీగా నిలబడ్డ ఫ్లెచర్ లోయర్, బ్రేడెన్ స్మిత్, మేసన్ గిలిస్ త్రీలు కొట్టారు. లోయర్‌కి ఆ ఏడాది 44 శాతం, స్మిత్‌కి 43 శాతం, గిలిస్‌కి దాదాపు 47. మంచి షూటర్లే, కాదనను. అయితే ఆ శాతాల్లో సగం ఎడీ సంపాదించి పెట్టినవి.

యూకాన్ కోచ్ డాన్ హర్లీ చేసింది ఒక్కటే, ఇద్దరిని పంపలేదు. తన సెంటర్ డోనోవన్ క్లింగన్‌ని ఒక్కడినే ఎడీ మీద వదిలేసి మిగతా నలుగురినీ షూటర్లకి అతుక్కుని ఉండమన్నాడు. ఎడీ 25 షాట్లు వేసి 15 కొట్టాడు, 37 పాయింట్లు. కొట్టనీ అన్నారు. జట్టు స్కోరు 60లోంచి 37 తీసేయండి, మిగతా అందరూ కలిపి 23. ఏడు త్రీలు వేశారు అంటే ఆరు తప్పాయని బాధపడుతున్నారు బెజవాడ బ్రో, కానీ రోజూ ఇరవై వేసే జట్టు ఏడే వేసిందంటే వాళ్లకి వేసే చోటే దొరకలేదు. తప్పిపోవడం వేరు, అసలు వేయలేకపోవడం వేరు.

నా లెక్కలో బలహీనత ఇదీ: డబుల్ టీమ్ (ఒకరి మీద ఇద్దరు) రాకపోతే సొంతంగా డ్రిబుల్ చేసుకుని షాట్ తయారుచేసుకునే మనిషి ఆ జట్టులో స్మిత్ తప్ప లేడు. సదరన్ ఇల్లినాయ్ నుంచి లాన్స్ జోన్స్‌ని తెచ్చుకున్నది అందుకే, అతను చాలా సాయపడ్డాడు కూడా, కానీ ఆ రాత్రికి సరిపోలేదు.

నెల్లూరమ్మాయి

మీరంతా త్రీలు, టర్నోవర్ల దగ్గరే ఆగిపోయారు, నాకు ఫ్రీ త్రోలు (ఫౌల్ జరిగినప్పుడు అడ్డం ఎవరూ లేకుండా వేసే ఒక్కో పాయింట్ షాట్లు) కనపడుతున్నాయి.

మార్చి 31న, ఫైనల్ ఫోర్‌కి ముందు మ్యాచ్‌లో, టెన్నెసీ మీద ఏం జరిగింది? ఆ మ్యాచ్‌లో పర్డ్యూ 15 త్రీలు వేసి 3 కొట్టింది. అంటే బెజవాడ తమ్ముడి లెక్క ప్రకారం ఓడిపోవాలి. 72-66తో గెలిచింది. టెన్నెసీ ఆటగాడు డాల్టన్ నెక్ట్ అవతల 37 కొట్టినా గెలిచింది. ఎలా? ఎడీకి 40 పాయింట్లు, 16 రీబౌండ్లు, అతను వేసిన ఫ్రీ త్రోలు 22, అందులో 14 కొట్టాడు.

ఫైనల్లో అదే ఎడీకి ఫ్రీ త్రోలు పది. ఫౌల్ చేయకుండా అతన్ని నిలబెట్టడం క్లింగన్ వల్ల అయింది, ఎందుకంటే అతనూ 7 అడుగుల 2 అంగుళాల మనిషి, దూకాల్సిన పని లేదు, చేతులెత్తి నిలబడితే చాలు. సీజన్‌లో మ్యాచ్‌కి 11 పైగా ఫ్రీ త్రోలు ఎడీ ఒక్కడివే. అవతలి పెద్దవాళ్లకి ఫౌల్స్ నిండి బెంచీ మీద కూర్చుంటే రెండో హాఫ్‌లో పర్డ్యూకి దారి తెరుచుకునేది. క్లింగన్ ఆటలో నిలబడేసరికి ఆ దారి మూసుకుపోయింది.

ఆ రోజు మనకి ఏప్రిల్ 9, ఉగాది పొద్దున్న. పచ్చడికి వేపపువ్వు ఏరుతూ పక్కన ఫోన్‌లో స్కోరు పెట్టుకున్నాను. హాఫ్ టైమ్‌కి 36-30 ఉంది, ఆరు పాయింట్లేగా అని ధైర్యంగా ఉన్నాను. మామిడికాయ తరిగి తిరిగి చూసేసరికి తేడా పెరిగిపోయింది, అమ్మ "పండగపూట ఆ మొహమేంటే" అంది.

ఓరుగల్లు పాయింట్ గార్డ్

అమ్మాయి చెప్పిన టెన్నెసీ లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. అది నేను మర్చిపోయాను.

పీఈటీ మాస్టారు

నాకు అమెరికా కాలేజీ ఆట మా అబ్బాయి పంపే వీడియోల ద్వారానే తెలుసు, కానీ ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకి ఈ ఆట నేర్పాను కాబట్టి ఒక మాట.

మా బాలికల జట్టులో ఒకసారి బాగా పొడుగు పిల్ల ఉండేది. జోనల్ పోటీల్లో ఆ పిల్ల ఎదురులేకుండా ఆడింది. ఇవతల నుంచి ఒకళ్లు విసిరేవాళ్లు, ఆ పిల్ల అందుకుని రింగులో వేసేది, స్కోరు బోర్డు పరుగెత్తేది. మిగతా నలుగురూ మెల్లగా పరుగు మానేశారు, నేనూ గమనించలేదు. జిల్లా స్థాయిలో ఒక జట్టు ఆ పిల్లకి అడ్డం ఒకే అమ్మాయిని పెట్టి, మిగతా నలుగురూ మావాళ్ల చేతుల్లోంచి బంతి లాక్కోవడం మొదలుపెట్టారు. మా పిల్లలకి తిరిగి లాక్కోవడం తెలియదు. నేను నేర్పలేదు, అవసరం పడలేదు కాబట్టి. ఆ తప్పు నాదే.

ఈ పర్డ్యూ జట్టు అవతలివాళ్ల నుంచి బంతి లాక్కుంటుందా? దాని గురించి ఎవరూ రాయలేదు.

బాయిలర్_బెజవాడ

మాస్టారూ, మీరు పట్టుకున్నారు. రాత్రి నుంచి ఇదే ఆలోచిస్తున్నాను, నేను మొదట రాసిన మాట కొంత మార్చుకుంటున్నాను.

పర్డ్యూ లాక్కోదు. ఆ సీజన్‌లో అవతలి జట్లతో టర్నోవర్లు చేయించడంలో దేశంలోని 360 పైచిలుకు జట్లలో అట్టడుగు వరుసలో ఉంది. అది చేతకానితనం కాదు, కోచ్ మాట్ పెయింటర్ ఎంచుకున్న పద్ధతే. ఎడీ లాంటి మనిషిని బయటికి పరిగెత్తించలేరు కాబట్టి అతను రింగు దగ్గరే నిలబడేవాడు, గార్డులు తమ మనిషి ముందు నిలబడి కష్టమైన షాట్ వేయించేవాళ్లు, ఎవరూ బంతికి చెయ్యి వేసేవాళ్లు కాదు. దానివల్ల లాభం చాలా ఉంది. ఫౌల్స్ తక్కువ. అవతలివాళ్లకి ఫ్రీ త్రోలు తక్కువ, మనకి ఎక్కువ, ఒక్కో మ్యాచ్‌లో ఆ తేడాతోనే గెలిచేవాళ్లం. డిఫెన్స్ రీబౌండ్లు మనవే. ఆ ఏడాది గొంజాగా, టెన్నెసీ, మార్కెట్ (Marquette) జట్లు వరుసగా మూడు రోజుల్లో మన చేతిలో ఓడడానికి కారణం ఇదే పద్ధతి.

నష్టం ఎక్కడంటే, ఎప్పుడూ మనకి ఉచితంగా ఒక పొజెషన్ (బంతి చేతికొచ్చి షాట్ వేసే అవకాశం) రాదు. ఓరుగల్లు అన్న చెప్పిన టర్నోవర్ల సంగతి ఇక్కడికొచ్చి కలుస్తుంది. పదిహేను సార్లు బంతి పోగొట్టుకున్నా, పదిహేను సార్లు లాక్కునే జట్టుకి లెక్క సమానం. మనం పోగొట్టుకుంటాం, తిరిగి తెచ్చుకోం. అంటే మనం వేసే షాట్లు తక్కువ, ఆ తక్కువలోనే ఎక్కువ శాతం పడాలి. పడినన్నాళ్లూ అద్భుతం, యూటా స్టేట్ మీద 106 కొట్టాం. ఒక ఎనిమిది పది పాయింట్లు వెనకబడినప్పుడు మాత్రం ఆటని వేగం చేయడానికి మన దగ్గర మీట లేదు. జనవరిలో నెబ్రాస్కా 88-72తో ఓడించినప్పుడు ఇదే చూశాను. వాళ్లు బయట నుంచి వరసగా కొడుతుంటే మనం చేసిందల్లా మళ్లీ ఎడీకి బంతివ్వడం. రెండు పాయింట్లు తెచ్చాం, అవతల మూడు పోయాయి.

ఫైనల్ రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం. ఆ మధ్యాహ్నమే సూర్యగ్రహణం, క్యాంపస్ అంతా కళ్లద్దాలు పెట్టుకుని ఆకాశం చూసింది, ఆ కళ్లద్దాలు ఇంకా సోఫా మీదే ఉన్నాయి. రెండో హాఫ్‌లో యూకాన్ గార్డ్ ట్రిస్టన్ న్యూటన్ తాపీగా బంతి నడిపిస్తుంటే మా రూమ్మేట్ లేచి నిలబడి "ఎవడైనా లాక్కోండ్రా, ఒక్కసారి లాక్కోండి" అని టీవీ మీద అరిచాడు. న్యూటన్ ఆ రోజు 20 పాయింట్లు కొట్టాడు. ఎవరూ లాక్కోలేదు.

హార్ట్‌ఫర్డ్ తెలుగోడు

ఈ వాదన నాకు నచ్చింది, కానీ ఒక్కటి మర్చిపోవద్దు. ఆ ఏడాది యూకాన్ టోర్నమెంట్‌లో ఆరు మ్యాచ్‌లూ కనీసం 14 తేడాతో గెలిచింది. మీరు లాక్కునే జట్టయినా ఆ రాత్రి గెలిచేవాళ్లని నేను నమ్మను. బహుశా తేడా తొమ్మిదో పదో ఉండేది.

ఓరుగల్లు పాయింట్ గార్డ్

తొమ్మిది ఉంటే చివరి మూడు నిమిషాలు ఆట ఉండేది బ్రదర్. పదిహేనుకి అది కూడా లేదు.

బెజవాడ తమ్ముడూ, నీ పద్ధతి వాదనతో ఏకీభవిస్తున్నా, ఒక్క మార్పుతో. లాక్కోకపోవడం పెయింటర్ ఎంచుకున్నది, దాన్ని తప్పు పట్టను. కానీ లాక్కోను అని నిర్ణయించుకున్న జట్టు పోగొట్టుకోకూడదు కూడా, అక్కడ నా మాట అలాగే ఉంది. స్మిత్ మ్యాచ్‌కి 7.5 అసిస్టులు (పాయింట్లు తెచ్చిపెట్టే పాస్‌లు) ఇచ్చిన కుర్రాడు, నాకు చాలా ఇష్టమైన గార్డ్. 2022-23లో అతనూ లోయరూ మొదటి ఏడాది పిల్లలు, అప్పుడు జట్టు త్రీ శాతం 32 దగ్గర ఉండేది, ఒక్క ఏడాదిలో 40 దాటించారు. షూటింగ్ అంత మెరుగుపడింది గానీ బంతి కాపాడుకోవడం అంత మెరుగుపడలేదు. నా బాధ అదే.

నెల్లూరమ్మాయి

అన్నా, ఆ 32 శాతం ఏడాదిలోనే ఫెయిర్లీ డికిన్సన్ మీద 26 త్రీలు వేసి 5 కొట్టారు. ఆ రోజు వేసే చోటు దొరికింది, పడలేదు. ఏడాది తర్వాత పడేవాళ్లే ఉన్నారు, చోటు దొరకలేదు. ఈ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి, ఎడీకి బంతి అందిన ప్రతిసారీ ఎంతమంది మీదికొచ్చారో రాసుకుంటూ చూస్తాను. ఆదివారం కూర్చుంటాను, హార్ట్‌ఫర్డ్ గారూ, మీ దగ్గరున్న ఫైనల్ రికార్డింగ్ పంపగలరా?