సీఆర్‌పీ నార్మల్, కానీ తమ్ముడి దగ్గు మాత్రం తగ్గట్లేదు

వాడి అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు), వయసు 19. పది రోజుల నుంచి దగ్గు బాగా పెరిగింది, కఫం ముదురాకుపచ్చగా చిక్కగా వస్తోంది, మెట్లెక్కుతుంటే మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగిపోతున్నాడు. ఎఫ్‌ఈవీ1 (గట్టిగా ఊదితే మొదటి సెకనులో బయటికొచ్చే గాలి, ఉండాల్సినదాంట్లో ఎంత శాతమో) ఎప్పుడూ 72 దగ్గర ఉండేది, మొన్న 61. బ్లడ్ టెస్ట్‌లో మాత్రం సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగే ప్రొటీన్) 4, తెల్లకణాలు నార్మల్. పోయినసారి ఇలాగే అయినప్పుడు సీఆర్‌పీ 48 ఉంది. డాక్టర్ గారు ఐవీ (నరంలోకి ఎక్కించే) యాంటీబయాటిక్స్ పెడదాం అంటుంటే వీడేమో రిపోర్ట్ ఊపుతూ "చూశావా అక్కా, నాకేం లేదు" అంటున్నాడు. రక్తంలో ఏమీ లేనప్పుడు నిజంగా ఇన్ఫెక్షన్ ఉంటుందా?

పాప అమ్మ:
ఉంటుందండి, మా పాపకి రెండుసార్లు అలాగే అయింది. సీఆర్‌పీ లివర్‌లో తయారవుతుంది, ఊపిరితిత్తుల్లో గొడవ పెద్దదై ఆ కబురు రక్తంలోకి వెళ్తేనే అది పెరుగుతుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కఫంలో పొరలా గూడు కట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడే చేరి అక్కడే చస్తుంటాయి, ఒక్కోసారి బయటికేం తెలీదు. ఎఫ్‌ఈవీ1 11 పాయింట్లు పడిపోవడం చిన్న విషయం కాదు, నేనైతే రిపోర్ట్ పక్కన పెట్టి ఆ మెట్ల సంగతే చూస్తా. కఫం కల్చర్‌కి (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి) ఇచ్చారా?

ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి:
పైన చెప్పింది కరెక్టే. ఇంకోటి, సీఆర్‌పీ ఊపిరితిత్తులకే సంబంధించింది కాదు, పళ్ల చిగుళ్లు వాచినా వైరల్ జ్వరమొచ్చినా పెరుగుతుంది. మొదలవ్వడానికి ఆరేడు గంటలు, పీక్‌కి రెండ్రోజులు పడుతుంది, కారణం పోయాక సగానికి తగ్గడానికి దాదాపు 19 గంటలు. అందుకే ఒక్క రీడింగ్ కంటే, బాగున్నప్పుడు ఎంత ఉండేది, ట్రీట్‌మెంట్ మొదలయ్యాక ఎటు పోతోంది అనేదే ఉపయోగం. తమ్ముడు స్టెరాయిడ్స్ గానీ అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ గానీ వాడుతున్నాడా? స్టెరాయిడ్స్ వాడితే తెల్లకణాలు పెరిగి, సీఆర్‌పీ తగ్గి రిపోర్ట్ కలగాపులగం అవుతుంది. కాల్‌ప్రొటెక్టిన్, సీరమ్ అమిలాయిడ్ ఏ లాంటి వేరే వాపు గుర్తుల మీద పరిశోధన జరుగుతోంది గానీ, ఏ ఒక్క రక్తపరీక్షా దగ్గు, కఫం, స్పైరోమెట్రీ (ఎఫ్‌ఈవీ1 కొలిచే ఊదే పరీక్ష) బదులు నిలబడదు.

వాడి అక్క:
అజిత్రోమైసిన్ వారానికి మూడుసార్లు వేసుకుంటాడు, ఏడాది పైనే అయింది! పోయినసారి అది లేదు. కల్చర్ ఇంకా ఇవ్వలేదు.

ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి:
అజిత్రోమైసిన్ ఒంట్లో వాపుని (ఇన్‌ఫ్లమేషన్‌ని) కూడా తగ్గిస్తుంది. కాబట్టి అప్పటి 48ని ఇప్పటి 4తో పోల్చి ధైర్యం తెచ్చుకోవద్దు. కల్చర్ యాంటీబయాటిక్స్ మొదలుపెట్టకముందే ఇవ్వండి.

పాప అమ్మ:
యాంటీబయాటిక్స్‌కి లొంగకపోతే టోటల్ ఐజీఈ (అలర్జీ ఉంటే రక్తంలో పెరిగే యాంటీబాడీ) గురించి కూడా అడగండి. మా పాపకి అదే దొరికింది, బ్యాక్టీరియా కాదు, ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ అలర్జీ. దానికి మందులు వేరే. ఐవీలో టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తారు, రక్తంలో ఆ మందు లెవెల్ కూడా చూస్తారు, మళ్లీ సూదా అని తమ్ముడు గోల చేస్తాడు, ముందే చెప్పి ఉంచండి.

వాడి అక్క:
ఇదంతా వాడికే చదివి వినిపించా. "సరే, కఫం డబ్బా ఇటివ్వు" అన్నాడు. పొద్దున్నే ఫిజియో అయ్యాక తీసి ల్యాబ్‌కి పట్టుకెళ్తున్నా.