ఉచిత వీల్ చైర్ల క్యాంపులు ఆపేసి, ఆ డబ్బు ఖాతాలో వేస్తే మేలు కాదా?

మొగిలి ఘాట్ (ఆదివారం, రాత్రి 9:40)

మాది బంగారుపాళెం మండలం. రెండేళ్ల కిందట మా నాయన మామిడి చెట్టు మీద నుంచి పడ్డాడు. తోతాపురి కాయలు కోస్తూ చివరి కొమ్మ దాకా పోయినాడు. వెన్నుపూస దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన ఆరు నెలలకి మా దగ్గర్లో ఒక సంస్థ క్యాంపు పెట్టి వీల్ చైర్ ఇచ్చింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు, టోకెన్ నంబరు పిలిచి కుర్చీ అప్పగించారు. మా నాయన కొలతలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఆ కుర్చీ సీటు వెడల్పు 18 అంగుళాలు. మా నాయన సన్నటి మనిషి, ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే కూర్చునేవాడు. రెగ్జిన్ సీటు కొన్నాళ్లకి జోలెలాగా కిందికి దిగింది. నాలుగో నెలలో పిరుదు మీద పుండు పడింది. నొప్పి తెలియదు కాబట్టి ఆయన చెప్పలేదు. లుంగీకి మరక అంటినాక మా అమ్మ చూసింది.

ఆ పుండు మానేదానికి డ్రెస్సింగులకి, ఆటోలకి, మందులకి అయిన డబ్బుతో అలాంటి కుర్చీలు మూడు కొనొచ్చు. ఇప్పుడు ఆ కుర్చీలో మా అమ్మ చింతపండు ఆరబెడుతోంది.

అందుకే అడుగుతున్నా. ఈ క్యాంపులు, స్టేజీలు, శాలువాలు అన్నీ మానేసి ఆ డబ్బేదో మనిషి ఖాతాలో వేస్తే, ఎవరికి సరిపోయేది వాళ్లు కొనుక్కోరా? ఒప్పుకోని వాళ్లు ఎందుకు ఒప్పుకోరో చెప్పండి. తిట్టినా పర్వాలేదు.

పాకాల జంక్షన్ (ఆదివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, మీ నాయనకి జరిగింది చదివి మనసు బాగాలేదు. కానీ క్యాంపులు ఆపేయమనే మాట దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పన్నెండేళ్లుగా క్యాంపులకి వాలంటీరుగా పోతున్నా, మూటలు మోశా, పేర్లు రాశా.

కుప్పం పక్క పల్లెలో కాళ్లు రాని ఒక ముసలావిడ ఇంట్లో పాక్కుంటూ తిరిగేది. ఆవిడ తిరుపతికి రావాలంటే రెండు బస్సులు మారాలి, తోడొచ్చే కొడుక్కి ఆ రోజు కూలి పోతుంది. అలాంటి మనిషి దగ్గరికి వస్తువు తీసుకుపోయేది క్యాంపు ఒక్కటే. వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్రం వాళ్ల అడిప్ పథకం 1981 నుంచి ఉంది. కాన్పూరులో అలిమ్‌కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసిన ట్రైసైకిళ్లు, క్రచ్‌లు, వినికిడి మిషన్లు దాని కిందే పల్లెలకి వస్తున్నాయి. అరవై దాటిన పేదల కోసం 2017లో వయోశ్రీ పథకం మొదలుపెట్టింది మన పక్కన నెల్లూరులోనే. దానిలో చేతికర్ర, వాకర్, కళ్లద్దాలు, కట్టుడుపళ్లు కూడా ఇస్తారు. ఖాతాలో పది వేలు వేస్తే ఆ ముసలావిడకి కుర్చీ వస్తుందా, కొడుకు అప్పు తీరుతుందా? మీరే చెప్పండి.

లెక్కల మాస్టారు (ఆదివారం, రాత్రి 10:52)

పాకాల అన్నా, ఈ వాదన నాకు ఎప్పుడూ నచ్చదు. పేదవాడి చేతికి డబ్బిస్తే తగలేస్తాడని ముందే తీర్పు చెప్పేస్తున్నాం. 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకి 6,000. దాన్ని బియ్యం మూటలుగా ఇవ్వడం లేదు కదా, చేతికే ఇస్తున్నారు. జనం దాంతోనే సంసారం నడుపుతున్నారు. నెలనెలా ఇచ్చే డబ్బుకి లేని అపనమ్మకం ఒక్కసారి ఇచ్చే కుర్చీ డబ్బు దగ్గర ఎందుకు?

ఇంకో సంగతి. వెయ్యి కుర్చీలు ఒకే కొలతలో కొంటే టెండరు వేసినవాడికి సుఖం, ఇన్ని ఇచ్చామని బ్యానరు మీద రాసుకునేవాడికి సుఖం. కూర్చునేవాడి నడుము కొలత ఆ లెక్కలో ఎక్కడా రాదు. కొనేవాడి చేతిలో డబ్బుంటే షాపువాడే కొలత తీసుకుంటాడు.

నాగలాపురం నాని (ఆదివారం, రాత్రి 11:05)

పింఛన్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా మామకి వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం మళ్లీ పరీక్ష చేయించుకోమని నోటీసు వచ్చింది. పర్సంటేజీ 40 కంటే తగ్గితే ఏం చేయాలి?

నిర్వాహకుడు (సోమవారం, ఉదయం 6:30)

నాని గారూ, ఆ విషయం మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ అడగండి. ఇక్కడ పరికరాల గురించే మాట్లాడుకుందాం. లేకపోతే ఇదంతా సదరం చర్చ అయిపోతుంది, నాకు అనుభవమే.

ఆరెంజ్ స్టిక్కర్ (సోమవారం, ఉదయం 11:20)

మాస్టారూ, షాపువాడు కొలత తీసుకుంటాడన్నారు. ఒక తల్లిగా నా అనుభవం చెప్తా, వినండి.

మా పాపకి పుట్టుకతో వినికిడి తక్కువ. తిరుపతిలో ఉంటాం. మొదటి మిషన్ మేము డబ్బులు పెట్టే కొన్నాం, క్యాంపులో కాదు. ఆ షాపువాడు అలమారాలో ఉన్నదాంట్లో ఖరీదైనది తీసిచ్చాడు. చెవిలో పెట్టే మోల్డ్ సరిగ్గా అతకక రోజంతా కీచుమని ఒకటే శబ్దం. పాప పీకి పారేసేది, మేము మొండి పిల్ల అని తిట్టేవాళ్లం. పాపం, దాని తప్పేముంది? తర్వాత ఒక ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించే నిపుణులు, చెవి అచ్చు మళ్లీ తీసి కొత్త మోల్డ్ చేయించి, మిషన్ని పాప వినికిడికి తగ్గట్టు కంప్యూటర్ మీద సెట్ చేశాక, మొదటిసారి కుక్కర్ విజిల్‌కి తల తిప్పింది. మిషన్ అదే, మారింది మోల్డూ సెట్టింగూ.

పిల్లలకి చెవి పెరుగుతూ ఉంటుంది, మోల్డ్ వదులైపోతుంది. చిన్నప్పుడైతే కొన్ని నెలలకోసారి మార్చాల్సిందే. బ్యాటరీ ఇంకో కథ. నా పేరు చూసి ఏదో సిమ్ కార్డు అనుకుంటారు అందరూ. పదమూడో నంబరు బ్యాటరీకి ఆరెంజ్ స్టిక్కర్ ఉంటుంది. అది పీకగానే గాలి తగిలి బ్యాటరీ పని మొదలుపెడుతుంది, మళ్లీ స్టిక్కర్ అంటించినా ఆగదు. ఈ సంగతి తెలియక మా అత్తగారు ఒకసారి చిల్లర సర్దుతున్నట్టు స్టిక్కర్లన్నీ పీకి డబ్బాలో పోశారు. వారం పదిరోజులకి ఒక బ్యాటరీ అయిపోతుంది. ఉచితంగా మిషన్ ఇచ్చినవాళ్లెవరూ రెండో నెల బ్యాటరీ గురించి చెప్పరు.

వినపడేదానికి చెవి లోపల పరికరం పెట్టే కాక్లియర్ ఆపరేషన్ అయిన పిల్లలదీ ఇదే బాధ. లక్షల ఆపరేషన్ ఉచితంగా అవుతుంది. బయట తగిలించుకునే ప్రాసెసర్ వైరు తెగితే ఆ ఖర్చు తల్లిదండ్రులదే. ఆపరేషన్ అయినంత మాత్రాన మాట రాదు, ఏళ్ల తరబడి వినడం నేర్పాలి. ఆ పని చేసే టీటీడీ వాళ్ల శ్రవణం లాంటి శిక్షణ కేంద్రాలు జిల్లాకి ఎన్ని ఉన్నాయి?

అందుకని నాకు మీ ఇద్దరి వాదనా సగమే అనిపిస్తోంది.

లెక్కల మాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 1:10)

బాగా అన్నారమ్మా. షాపువాడి మీద నాకున్న నమ్మకం కొంచెం ఎక్కువే అయినట్టుంది.

పీఓపీ చేతులు (సోమవారం, రాత్రి 8:35)

ముప్పై ఏళ్లు కృత్రిమ అవయవాల పని చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ గోళ్లలో పీఓపీ, అదే అచ్చు తీసే ప్లాస్టర్ పిండి, ఉన్నట్టే ఉంటుంది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

క్యాంపు అనగానే అన్నీ ఒకటి కాదు. జైపూర్ పాదం సంగతి చూడండి. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామ్‌చంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి రబ్బరుతో ఆ పాదం చేశారు. బూటు లేకుండా నడవొచ్చు, గొంతుకూర్చోవచ్చు, మళ్లలో దిగొచ్చు. సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కాళ్లు కూడా ఎక్కువగా క్యాంపుల్లోనే ఇస్తారు. కానీ ఆ క్యాంపుకి పరికరంతో పాటు దాన్ని చేసే మనిషి వస్తాడు. పీఓపీ, పైపు వేడిచేసే ఓవెన్, సానపట్టే మిషన్ అన్నీ వెంట వస్తాయి. కాలు తీసేయగా మిగిలిన మోడుకి అచ్చు తీసి, అది దూరే సాకెట్ అక్కడే చేసి, తొడిగి, నడిపించి పంపిస్తారు. మొగిలి ఘాట్ బాబు చెప్పిన క్యాంపుకి వచ్చింది లారీ ఒక్కటే.

అయితే ఆ జైపూర్ కాలుకీ ఒక తంటా ఉంది. కాలు తీసేసిన మొదటి ఏడాది మోడు వాపు తగ్గి సన్నబడుతుంది. అప్పుడు బిగుతుగా ఉన్న సాకెట్ ఇప్పుడు వదులై రాపిడి పెడుతుంది. ఈమధ్య షుగర్ వల్ల కాలు పోయినవాళ్లే ఎక్కువ, వాళ్లకి రాపిడి అంటే మళ్లీ పుండే. క్యాంపు వాళ్లు అప్పటికి వేరే జిల్లాలో ఉంటారు. నా దగ్గరికి అలా సాకెట్‌లో మూడు జతల మేజోళ్లు కుక్కుకుని వచ్చినవాళ్లు ఎంతమందో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వీల్ చైర్ల మీద మార్గదర్శకాలు రాసింది. కుర్చీ ఇవ్వడానికి ఎనిమిది మెట్లు చెప్పింది. మనిషిని పంపడం, పరీక్షించి కొలవడం, ఏ కుర్చీయో రాయడం, డబ్బు చూడటం, కుర్చీ సిద్ధం చేయడం, కూర్చోబెట్టి సరిచూడటం, వాడటం నేర్పడం, చివరికి మరమ్మతూ మళ్లీ చూడటమూ. మన క్యాంపుల్లో చాలావాటికి ఐదో మెట్టు ఒక్కటే తెలుసు. మాస్టారు చెప్పిన ఖాతా డబ్బు నాలుగో మెట్టు. మిగతావాటికి మనిషి కావాలి. వికలాంగులకి వైద్యం చేసే బర్డ్ లాంటి ఆస్పత్రి తిరుపతిలో ఉంది, వేలూరు సీఎంసీలో పునరావాస విభాగం ఉంది. 1954లో ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి, వీల్ చైర్‌లోనే ఉండి ఆ విభాగాన్ని నిలబెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి చిత్తూరు వాళ్లకి నేను చెప్పాలా? కానీ కుప్పానికీ సత్యవేడుకీ మధ్య ఈ పని తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

బాబూ, మీ నాయనకి పనికొచ్చే మాట చెప్తా. గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి పిరుదుల వెడల్పు కొలవండి. సీటు అంతకి సరిగ్గా ఉండాలి, మరీ వదులు వద్దు. వీపు నుంచి మోకాలి మడత దాకా కొలవండి. సీటు దానికంటే రెండు వేళ్లు పొట్టిగా ఉండాలి. పిక్క పొడవు కొలిచి పాదాల పలక ఆ ఎత్తుకి దించండి. అన్నిటికంటే ముందు మంచి కుషన్ కావాలి. మామూలు దిండు, గాలి నింపిన సైకిల్ ట్యూబు వద్దు, ట్యూబు అంచు దగ్గర ఇంకా ఒత్తిడి పడుతుంది. అరగంటకోసారి ముందుకి వంచి గానీ, చేతులతో పైకి లేపి గానీ బరువు తప్పించండి. రాత్రి పడుకునేముందు అద్దం పెట్టి చర్మం చూడండి. ఎర్రగా ఉండి, నొక్కినా తెల్లబడకపోతే, అది మానేదాకా అక్కడ బరువు పడనివ్వొద్దు, డాక్టరుకి చూపించండి.

కార్వేటినగరం క్యాలిపర్ (మంగళవారం, ఉదయం 7:05)

మేడమ్, మీ చేతులకి దండం. నాకు 51 ఏళ్లు, రెండేళ్ల వయసులో పోలియో. తిరుపతిలో ఆపరేషన్ చేసి కాలు చక్కబెట్టారు, అప్పటి నుంచి క్యాలిపర్, అంటే కాలికి కట్టుకునే ఇనప కడ్డీల ఊతం, మీదే నడక.

2014 మార్చిలో మన దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. చాలా సంతోషం. కానీ ఆ రోజు నుంచి మేము కూడా లేమన్నట్టు అయిపోయింది. క్యాలిపర్‌కి కింద బూటు ఉంటుంది, మడమలో ఇనప కడ్డీ దూరేటట్టు చేయాలి. అది చేసే ముసలాయన చనిపోయినాక, చేసేవాళ్లు దొరక్క రెండేళ్లు పాత బూటుకే అట్టలు కొట్టించి తిరిగాను. ఇందులో ఖాతా డబ్బు ఏం చేస్తుంది? క్యాంపు మాత్రం ఏం చేస్తుంది? నాకు కావాల్సింది ఒక చెప్పులు కుట్టేవాడు.

వీల్ చైర్ చక్రం పాడైతే ఏం చేస్తారు మీరంతా? మా ఊర్లో ఒక కుర్చీ ట్యూబు పంక్చరై ఏడాది మూలన పడింది. వెనక చక్రం 24 అంగుళాలు, అదే సైజు సైకిలు ట్యూబు సరిపోతుంది. ఈ మాట ఎవరూ చెప్పలేదు వాళ్లకి. క్యాంపు పెట్టినప్పుడే మండలానికి ఒక సైకిల్ షాపువాడిని పిలిచి ఒక పూట నేర్పించి, నాలుగు బేరింగులు, రెండు బ్రేకులు చేతిలో పెడితే ఎంత ఖర్చు?

పాకాల జంక్షన్ (మంగళవారం, ఉదయం 9:50)

ఈ మాట నేను నోట్ చేసుకున్నా అన్నా. వచ్చే క్యాంపుకి మా వాళ్లతో పోట్లాడతా.

కానీ ఒక భయం చెప్పనా? మేడమ్ చెప్పిన ఎనిమిది మెట్లూ తప్పనిసరి చేస్తే, కొలిచే మనిషి లేడు కాబట్టి కుర్చీ లేదు అనే రోజు వస్తుంది. నేను చెప్పిన ముసలావిడకి సరిపోని కుర్చీ మేలా, కుర్చీ లేకపోవడం మేలా?

లెక్కల మాస్టారు (మంగళవారం, ఉదయం 10:30)

సగం డబ్బు కుర్చీ ఇచ్చిన రోజు, మిగతా సగం మూడు నెలల తర్వాత మనిషిని చూసి సరిచేశాక ఇస్తే? ఇచ్చే సంస్థకే ఆ షరతు పెట్టాలి.

పాకాల జంక్షన్ (మంగళవారం, ఉదయం 10:41)

చూశామని సంతకం పెట్టేసి మిగతా సగం ఎత్తుకుపోతారు మాస్టారూ. మీరు బడిలో హాజరు పట్టీలు చూడలేదా?

పీఓపీ చేతులు (మంగళవారం, మధ్యాహ్నం 12:15)

పాకాల బాబూ, మీ ప్రశ్నకి జవాబు మనిషిని బట్టి ఉంటుంది. స్పర్శ ఉన్న ముసలావిడకి వదులు కుర్చీ ఇబ్బందే, ప్రమాదం మాత్రం తక్కువ. నొప్పి పుడితే కదులుతుంది. వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి కుషన్ లేని కుర్చీ ఇవ్వడం నేను ఒప్పుకోను. అంతకంటే మంచం మీద పక్కలు మారుస్తూ ఉంచడమే నయం. ఈ రెండు రకాల మనుషుల్ని వేరుచేసి రెండో వాళ్లని ఆస్పత్రికి పంపడానికి పెద్ద చదువు అక్కర్లేదు, టోకెన్ రాసే చోట రెండు ప్రశ్నలు చాలు. నడుము కింద తెలుస్తోందా, ఇంతకుముందు పుండు పడిందా.

మొగిలి ఘాట్ (మంగళవారం, రాత్రి 9:15)

ఆ రెండు ప్రశ్నలు మా నాయనని అడిగి ఉంటే... సరే, వదిలేయండి.

ఇందాక కొలిచాం. పిరుదుల వెడల్పు పదిహేనున్నర. మా అమ్మ టేపు పట్టుకుంది, నాయన "నాకు ప్యాంటు కుట్టిస్తారా ఏంది" అని నవ్వినాడు. చాలా రోజులకి.

గురువారం తిరుపతికి పోతున్నాం. ఆటోలో పాత కుర్చీ కూడా వేసుకుని పోదామనుకుంటున్నా, సీటు బిగించి సరిచేసేదానికి వీలవుతుందేమో చూస్తారని. మేడమ్, అట్లా తెస్తే చూస్తారా, లేక కొత్తది రాయించుకోమంటారా? కార్వేటినగరం అన్నా, 24 అంగుళాల ట్యూబు ఈరోజే కొన్నా, వెనక చక్రం ఎక్కింది. బూటు కుట్టేవాళ్ల గురించి బంగారుపాళెంలో అడుగుతా, దొరికితే ఇక్కడే రాస్తా.