మాల తీసిన రాత్రే మళ్ళీ మొదలు. మందు తగ్గించుకున్నవాళ్ళు ఎలా తగ్గించుకున్నారు?

గోదారిగట్టు:
నాకు 43 ఏళ్ళు. సొంతూరు రాజమండ్రి దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఏటా అయ్యప్ప మాల వేస్తాను. ఆ 41 రోజులూ చుక్క ముట్టను. తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, ఏదీ కష్టమనిపించదు. కొండకి వెళ్ళొచ్చి మాల తీసిన రాత్రే ఫ్రెండ్స్ ఫోన్. పోయిన జనవరిలో "ఈ ఒక్క రోజే" అనుకున్నది ఉగాదికల్లా రోజుకో క్వార్టర్ అయింది. మా ఆవిడ ఒక్క మాట అనదు. ఖాళీ సీసాలు మాత్రం బాల్కనీలో తులసికుండీ పక్కన వరసగా పెడుతుంది. నేనే తీసి పారెయ్యాలి. మొన్న ఆదివారం లెక్కపెడితే పదకొండు.

41 రోజులు ఉండగలిగినవాణ్ణి 42వ రోజు ఎందుకు ఉండలేకపోతున్నాను? పూర్తిగా మానాలని కాదు, ముందు తగ్గాలి.

ఓరుగల్లు_పోరడు:
అన్నా, మాలల ఉన్నప్పుడు నిన్ను దావత్‌కు ఎవడు పిలుస్తడు చెప్పు? నల్లబట్టలు చూడంగనే స్వామీ అని పక్కకు జరుగుతరు. ఆఫీసుల మేనేజర్ గూడ స్వామీ అంటడు. మానింది నువ్వొక్కనివే కాదన్నా, ఊరంత కలిసి నిన్ను మానిపిచ్చింది. మాల తీసినంక ఆ ఊరు ఉండది. నువ్వు, వైన్స్ రెండే మిగుల్తయి.

నేనైతే దోస్తులకు "డాక్టర్ గోలీలిచ్చిండు, మందు పడదు" అని అబద్ధం చెప్పిన. ఆర్నెల్లు నడిచింది.

లెక్కల_మాస్టారు:
తగ్గించాలంటే ముందు ఎంత తాగుతున్నామో తెలియాలి కదా. మన విస్కీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. 30 మి.లీ. చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. క్వార్టర్ అంటే 180, అంటే ఆరు పెగ్గులు. "బీరే కదా" అనేవాళ్ళకి: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసా ఒక్కటి నాలుగు పెగ్గులతో సమానం. లివర్ గంటకి దాదాపు ఒక పెగ్గే అరిగించగలదు. రాత్రి పదకొండుకి క్వార్టర్ ముగిస్తే తెల్లారి బండి తీసేటప్పటికీ ఒంట్లో ఉండొచ్చు.

నేను "రెండు పెగ్గుల మనిషి"ని అని పదేళ్ళు చెప్పుకు తిరిగాను. ఒకరోజు మా అమ్మాయి దగ్గుమందు సీసా మీది 10 మి.లీ. మూతతో నా స్టీలు గ్లాసు "పెగ్గు" కొలిచాను. ఏడు మూతలు పట్టింది. ఇంట్లో పిల్లలకి శాతాలు నేర్పేది నేనే, సిగ్గేసింది.

వార్డు_డ్యూటీ:
నేను స్టాఫ్ నర్సుని. ఈ చర్చలో ఒక్క విషయం అందరూ చదవాలి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువ తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, దడ మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండు మూడు రోజులయ్యాక అయోమయం. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించి, ఆలస్యంగా తీసుకొస్తారు.

గోదారిగట్టు గారూ, పొద్దున లేవగానే చెయ్యి వణుకుతోందా? ఒక గుక్క పడితే గాని తగ్గడం లేదా? అవునంటే సొంతంగా ఆపొద్దు, డాక్టరుకి చూపించుకోండి. పోయినేడు మాలలో ఏమీ కాలేదు కదా అని ఈ ఏడూ కాదనుకోకండి. అప్పుడు ఒళ్ళు వేరు, ఇప్పుడు రోజూ క్వార్టర్. ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కించుకుంటే సరిపోదు. తాగుడు మనిషికి బీ1 విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ప్రమాదం. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

గోదారిగట్టు:
వణుకు లేదండీ. చెమటలు కొంచెం. అయినా రేపు వెళ్తాను.

పాలమూరు_బిడ్డ:
నర్సక్క చెప్పిన దానికి ఇంకోటి కలుపుతున్న. మా నాయినది మందు గాదు, కల్లు. "చెట్టు కల్లే గదా" అని మేం పట్టించుకోలే. మా దిక్కు కల్లు కాంపౌండ్ల దొరికింది చెట్టు కల్లు గాదు, ఆల్ప్రాజోలం అనే మత్తు గోలీల మందు కలిపిన నీళ్ళు. పండుగకు పట్నం తీస్కపోయి వారం ఆపినం. మూడోనాడు సోఫాల కూసున్నోడు కూసున్నట్టే బిగుసుకపోయిండు, నోట్లకెళ్లి నురగ. దవాఖానల "ఏం తాగుతడు" అంటే మా అన్న పరువు పోతదని ఏం తాగడన్నడు. అరగంట ఆగమైనంక నేనే చెప్పిన. కల్లు అయితే కల్లు అని డాక్టర్‌కు సాఫ్ చెప్పుండ్రి. దానికి మందు మెల్లమెల్లగ తగ్గించుడే ఉంటది, ఒక్కపాలి ఆపుడు ఉండది.

పల్నాటి_కోడలు:
ఇక్కడ అందరూ తాగేవాళ్ళే రాస్తున్నారు, నేను ఇంట్లోవాళ్ళ తరఫున. ఫోన్లో ప్రకటన వచ్చింది, "తాగేవారికి తెలియకుండా మాన్పించండి" అని. మా అత్తయ్య ఆ పొడి తెప్పించి మా ఆయన సాంబారులో కలిపింది. నాకూ తెలుసు, అబద్ధం ఎందుకు. ఆ రాత్రి ఆయన తాగొచ్చి తిన్నాక మొహం మిరపపండులా అయింది, వాంతులు, గుండె దడ, చేతులు చల్లబడ్డాయి. ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాను. బతికాడు. కానీ ఆర్నెల్లు నా చేతి అన్నం తినలేదు, హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకునేవాడు. తాగుడు ఆగిందా అంటే లేదు, పార్సిల్‌తో పాటు అదీ వచ్చేది.

వార్డు_డ్యూటీ:
అక్కా, ఆ పొడిలో ఏం కలిపారో ఎవరికీ తెలియదు, మీరు చెప్పే లక్షణాలు మాత్రం డైసల్ఫిరామ్‌వి. డాక్టర్లూ ఆ మాత్ర రాస్తారు. మనిషికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే, గుండె, లివర్ చూసి మరీ ఇస్తారు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల వరకూ మందు పడితే తేడా చెయ్యొచ్చు. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటివి వేరే ఉన్నాయి, వాటికీ డాక్టరే.

యానాం_బస్సు:
అసలు మందే దొరక్కపోతే గొడవ ఉండదని కొందరంటారు. మాది కాకినాడ. 92లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు నేను తొమ్మిదో తరగతి. 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది. మా అమ్మ దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. నాన్న వారానికోసారి యానాం బస్సు ఎక్కేవాడు, అది పాండిచ్చేరి కింద ఉంది కదా. 97లో నిషేధం సడలించేదాకా ఆయనకి డిపోలో కండక్టర్లంతా చుట్టాలైపోయారు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. రోజూ తాగేవాడు వారానికోసారికి వచ్చాడు. బస్సు ఛార్జీ, గంట ప్రయాణం, దానికదే ఒక అడ్డం.

షార్జా_రాత్రిడ్యూటీ:
నిజం. షార్జాల దుకాణమే లేదు. అయినా అజ్మాన్‌కు నలుగురం టాక్సీ పంచుకుని పోతుంటిమి. ఒకడు ఊరికి పోయినంక టాక్సీ పైసలు ముగ్గురి మీదనే పడ్డయి, నేను బంద్ జేసిన. నా కత గింతే.

ఖాళీ_గ్లాసు:
అందరికీ తగ్గించడం కుదరదు తమ్ముడూ. నేను మూడేళ్ళు తగ్గించాను! శని ఆదివారాలే అన్నాను. బీరే అన్నాను. ఇంట్లోనే అన్నాను, తర్వాత ఇంట్లో తప్ప అన్నాను. మొదటి పెగ్గు దాకా రూలు నాది, ఆ తర్వాత రూలు దానిది. చివరికి ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళ్ళాను, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం అది. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ, పదిహేను మంది. ఒక పెద్దాయన లారీ డ్రైవరు, పక్కనే ఒక డెంటిస్టు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఆ డ్రైవరు గారు నంబరిచ్చి, "తాగాక చెయ్యకు, తాగే ముందు చెయ్యి" అన్నారు. మొదటి నెలలో ఆయనకి వైన్స్ ముందు నిలబడి కనీసం ఇరవైసార్లు చేసుంటాను. ఒక్కసారీ నీతి చెప్పలేదు. "భోంచేశావా?" అనేవారు.

ఓరుగల్లు తమ్ముడి గోలీల అబద్ధం నేనూ వాడాను. తంటా ఏంటంటే ఏడో నెలలో "కోర్సు అయిపోయిందా?" అని వాళ్ళే గుర్తుపెట్టుకుని అడుగుతారు.

ఓరుగల్లు_పోరడు:
గట్లనే అడిగిన్రన్నా 😂 ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. ఇద్దరు దోస్తులు తగ్గిన్రు, మిగిలినోళ్ళు నన్ను చూసి మంచింగ్ ఎక్కువ తెప్పిస్తున్నరు.

గోదారిగట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు, లివర్ కొంచెం కొవ్వు పట్టిందన్నారు. నెమ్మదిగా తగ్గించమని ఓ లెక్క రాసిచ్చారు. వారంలో నాలుగు రోజులు సున్నా, మిగతా మూడు రోజులూ నైంటీ మి.లీ. దాటడం లేదు. ఇంట్లో స్టాకు పెట్టడం మానేశాను. ఖాళీ_గ్లాసు గారి "భోంచేశావా" బాగా పనిచేసింది. ఏడున్నరకి లాగేసే యావలో సగం ఆకలేనని ఇప్పుడు తెలిసింది. ఇంటికి రాగానే చొక్కా కూడా విప్పకుండా పెరుగన్నం, మాగాయ తినేస్తున్నాను. కడుపు నిండాక బయటికెళ్ళాలంటే బద్ధకం. ఆ బద్ధకమే కాపాడుతోంది.

ఒక శనివారం తప్పాను. క్వార్టర్ మొత్తం. మర్నాడు నేనే సీసా తీసుకెళ్ళి తులసికుండీ పక్కన పెట్టాను. మా ఆవిడ చూసింది, తీసి తనే పారేసింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.

ఇప్పుడు భయమల్లా వచ్చే నెల బావమరిది గృహప్రవేశం. మేడ మీద సిట్టింగ్ ఉంటుంది. నేను పైకి రాకపోతే వాళ్ళు ఊరుకోరు. ఏం చెయ్యను?

ఓరుగల్లు_పోరడు:
కారు నువ్వే నడుపుతున్న అని ముందుగాల్నే చెప్పు అన్నా. వాపసు వచ్చేటప్పుడు మీ అత్తమ్మను గూడ ఎక్కించుకో.

గోదారిగట్టు:
వెనక సీట్లోనా?

ఓరుగల్లు_పోరడు:
ముందు సీట్లనే.