పైపు లేకుండా, బకెట్ నీళ్లతోనే బోటు: ఇంజిన్ ఫ్లష్, హల్, ట్రైలర్ ఎలా సర్దుకోవాలి?

చుక్కాని55:

నీటి ఆంక్షల వల్ల పైపు పెట్టి బోటు కడగడానికి లేదు. బకెట్‌తో పట్టుకుని వాడుకోవచ్చు. బోటు 5.5 మీటర్ల ఫైబర్‌ది, వెనక 70 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్. తిరిగేదంతా సముద్రంలోనే, ప్రతిసారీ ట్రైలర్ మీద ఇంటికి వస్తుంది. ఇన్నాళ్లూ ఇంజిన్‌కి మఫ్స్ (నీళ్లు పీల్చే జల్లెడల మీద అమర్చి పైపు కలిపే రబ్బరు కప్పులు) తగిలించి పావుగంట, బోటుకీ ట్రైలర్‌కీ కలిపి ఇంకో 20 నిమిషాలు పైపు వదిలే అలవాటు. ఇప్పుడు ట్రిప్పుకి 100 లీటర్లలో ముగించాలి. ఇంజిన్ లోపలి ఉప్పు బకెట్ నీళ్లతో పోతుందా? ఏదో ఒకటి వదిలేయక తప్పదంటే దేన్ని వదలొచ్చు? ఉప్పు పోగొట్టే ద్రావణాలు, వెనిగర్ లాంటివి నీళ్ల ఖర్చు తగ్గిస్తాయా?

గ్రీజుచేతులు:

వదలాల్సి వస్తే హల్ (బోటు బయటి ఒళ్లు) మెరుపుని వదలండి. ఫైబర్ మీద ఉప్పు వారం ఉన్నా చూడ్డానికి బాగోదు, అంతే. అదే ఉప్పు ఇంజిన్ నీటి దారుల్లోనో ట్రైలర్ బ్రేకుల్లోనో వారం కూర్చుంటే బిల్లు మామూలుగా ఉండదు.

మామూలు పైపు నిమిషానికి 15–20 లీటర్లు పోస్తుంది. మీ 35 నిమిషాలకి 500 పైమాటే. అందులో ఉప్పుని కరిగించింది ఏ కొంచెమో, మిగతాదంతా నేల తాగింది.

ఇంజిన్‌కి తొట్టి పద్ధతి సరిపోతుంది. రేవులో బోటు పైకి లాగగానే ఇంజిన్‌ని నిటారుగా దించి రెండు నిమిషాలు ఉంచండి, లోపలి సముద్రపు నీళ్లు చాలావరకు వాటంతటవే కారిపోతాయి. ఇంటికొచ్చాక కిల్ స్విచ్ తాడు (ఊడితే ఇంజిన్ ఆగిపోయేది) తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్రొపెల్లర్ విప్పేయండి. తొట్టిలో అది పొరపాటున తిరిగితే చేతికీ ప్రమాదం, తొట్టికీ ప్రమాదం. విప్పినప్పుడే షాఫ్ట్ మీద గాలం దారం చుట్టుకుందేమో చూడండి. ఆ దారం సీలుని కోస్తే గేర్ ఆయిల్‌లోకి నీళ్లు దిగి ఆయిల్ పాలలా మారుతుంది. తిరిగి బిగించేటప్పుడు వాషర్లు తీసిన వరసలోనే ఎక్కించాలి, షాఫ్ట్‌కి గ్రీజు రాయాలి, స్ప్లిట్ పిన్ కొత్తది వేయాలి.

మీ సైజు ఇంజిన్ కాలికి లోపల 60 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 55–60 లోతు ఉన్న తొట్టి కావాలి (కొనేముందు మీది కొలుచుకోండి). నీళ్లు యాంటీ వెంటిలేషన్ ప్లేటు (ప్రొపెల్లర్‌కి పైన అడ్డంగా ఉండే రేకు) పైన కనీసం 5 సెం.మీ. నిలవాలి. 50 సెం.మీ. ఎత్తు అనుకుంటే 105 లీటర్లు. అన్ని పోయక్కర్లేదు. రెండు లీటర్ల సీసాలు పదింటిలో ఇసుక నింపి, మూత బిగించి, తొట్టి మూలల్లో నిలబెడితే 20 లీటర్లు మిగిలాయి. ఇంజిన్ కాలు ఇంకొంత చోటు ఆక్రమిస్తుంది. 75–80 లీటర్లతో పని అవుతుంది. సీసాలు మాత్రం గేర్‌కేస్ పక్కనున్న నీటి జల్లెడలకి అడ్డం రాకూడదు. అడ్డొస్తే పంపుకి నీళ్లు అందవు, ఇంపెల్లర్ (పంపులో తిరిగే రబ్బరు చక్రం) క్షణాల్లో మాడుతుంది.

ఇప్పుడు కిల్ స్విచ్ తాడు తగిలించి స్టార్ట్ చేయండి. ఆరుబయటే సుమా, షెడ్డులో వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఐడిల్ దాటి రేసు చేయొద్దు. పక్కనుంచి చిమ్మే సన్న ధార కనపడగానే సరిపోయిందనుకుంటారు చాలామంది. ఆ ధార థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లకి దారి తెరిచే కవాటం) మూసి ఉన్నా వస్తుంది. థర్మోస్టాట్ మోడల్‌ని బట్టి 50–60 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అది తెరుచుకునేదాకా దాని వెనకున్న ఉప్పు అక్కడే ఉంటుంది. ఐడిల్‌లో 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది కాబట్టి మొత్తం పావుగంట లెక్కేసుకోండి.

అసలు నీళ్లు పోయేది ఆ సన్న ధారలోనే. అది తొట్టి బయటికి చిమ్ముతుంది, నిమిషానికి ఒకటి రెండు లీటర్లు. పావుగంటలో మట్టం ప్లేటు కిందికి జారిపోతుంది. ఒక రబ్బరు గొట్టం ముక్కో, వంచిన ప్లాస్టిక్ షీటో పెట్టి దాన్ని మళ్లీ తొట్టిలోకే మళ్లించండి. ఇంకో ఇబ్బంది, పొగ బుడగలు. ఇరుకు తొట్టిలో అవి జల్లెడలోకి పోతే పంపు గాలి పీలుస్తుంది, ధార తెగి తెగి వస్తుంది. అలా అయితే వెంటనే ఆపి, నీళ్లు కొంచెం పెంచి మళ్లీ మొదలుపెట్టండి. హీట్ అలారం మోగేదాకా ఆగొద్దు.

ఇక ఆ నీళ్లు పారబోయకండి. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పు, అంటే 35,000 పీపీఎం. ఇంజిన్‌లో ఒక లీటరు మిగిలిందనుకున్నా 75 లీటర్లలో కలిస్తే 470 పీపీఎం లోపే. రెండో ట్రిప్పుకి 900 చిల్లర. ఆ నీళ్లతోనే మూడు నాలుగు ట్రిప్పులు లాగించొచ్చు. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) ముంచి చూసి, 2,000 దాటితే మార్చేయడం నా పద్ధతి. పైన తేలే నూనె పొరని పాత గుడ్డతో తీసేసి, తొట్టికి మూత పెట్టండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

తెరచాపగుడ్డ:

ఇంజిన్ సంగతి పైన వచ్చేసింది కాబట్టి హల్, డెక్ వరకే.

చేపల నెత్తురు, పొలుసులు, బురద ఇవన్నీ రేవులోనే సముద్రపు నీళ్లతో బ్రష్ కొట్టి వదిలించుకోండి. మురికిని మంచినీళ్లతో కడగడం దండగ. మంచినీళ్లు ఉప్పు కోసం మాత్రమే.

ఇంటి దగ్గర, చేత్తో గాలి కొట్టే 5 లీటర్ల తోట స్ప్రేయర్, రెండు బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు చాలు. ఎండలో చేయొద్దు, పని మధ్యలోనే ఆరిపోతుంది. మీటరు వెడల్పు ముక్క తీసుకుని సన్న తుంపరగా తడపండి, రెండు మూడు నిమిషాలు వదిలేయండి, మళ్లీ ఒకసారి తడిపి, పిండిన గుడ్డతో పైనుంచి కిందికి ఒకే వైపు లాగండి. మొదటి బకెట్లో జాడించి, రెండో బకెట్లో ముంచి పిండి, తర్వాతి ముక్కకి వెళ్లండి. మీ బోటుకి 15–18 లీటర్లతో అయిపోతుంది. పొడిగా ఉన్న ఉప్పు మీద గుడ్డ పెట్టి రుద్దారో, విండ్‌స్క్రీన్ అక్రిలిక్‌దైతే సన్న గీతలు పడతాయి, అవి మళ్లీ పోవు.

ముందు స్టెయిన్‌లెస్ చూడండి: రెయిలింగు కాళ్లు, మడత బందులు, స్క్రూ తలల చుట్టూ ఉండే సందులు. గోధుమరంగు మరకలు మొదలయ్యేది అక్కడే. సందులోకి తుంపర కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో కదిపి, మళ్లీ కొట్టి తుడవాలి.

మంచు కురిసే రోజుల్లో ఇంకో వీలుంది. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ తనంతట తానే నీరవుతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అంతకన్నా ముందే చెమరుస్తుంది. తెల్లారుజామున కవరు లేని డెక్ మీద చెయ్యి పెడితే జిగటగా తగిలేది అదే. ఆ తడిని నీళ్లు పీల్చే గుడ్డతో తుడిచి పిండితే ఉప్పులో చాలా భాగం గుడ్డలోకి వచ్చేస్తుంది, కుళాయి నీళ్లు ఒక్క చుక్క ఖర్చు కాదు. వరసగా రెండు ఉదయాలు చేయండి.

మైనం పూసిన హల్ మీద నీళ్లు నిలవవు, ఉప్పూ అంతగా పట్టుకోదు. ఆంక్షలు ఉన్నన్నాళ్లూ గిన్నెలు తోమే సబ్బు వాడకండి, అది మైనాన్ని లాగేస్తుంది.

చుక్కాని55:

తొట్టి, తుంపర రెండూ అర్థమయ్యాయి. మా ఇంజిన్‌కి ఫ్లష్ పోర్ట్ (పైపు కలిపి లోపల కడుక్కునే రంధ్రం) ఉంది. 12 వోల్టుల బిల్జ్ పంపుని (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) బకెట్లో పడేసి దాని గొట్టాన్ని పోర్ట్‌కి కలిపితే తొట్టి బెడద ఉండదు కదా?

రేవుగట్టు:

కలపొచ్చు, ఇంజిన్ ఆపి ఉంచితేనే. ఫ్లష్ పోర్ట్ వాడేటప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయకూడదని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది, మీది తీసి చూడండి. పోర్ట్ నుంచి వచ్చే నీళ్లు ఇంపెల్లర్‌కి సరిగా అందకపోవచ్చు. బిల్జ్ పంపు డబ్బా మీద గంటకి 1,900 లీటర్లు అని ఉన్నా అది గొట్టం ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్క. మీటరు ఎత్తుకి తోసేసరికి బాగా తగ్గుతుంది, ఒత్తిడి కుళాయికి ఏమాత్రం సాటిరాదు. అందుకే అదే పంపుని మఫ్స్‌కి పెట్టి ఇంజిన్ నడపొద్దు. కప్పుల అంచుల నుంచే నీళ్లు కారిపోయి లోపలికి చాలినంత పోవు.

నా మాటైతే, రెండూ చేయండి. తొట్టిలో పావుగంట నడిపి ఆపేశాక, పోర్ట్ నుంచి 8–10 లీటర్ల శుభ్రమైన నీళ్లు పంపండి. పాత తొట్టి నీళ్లలో ఉన్న కాస్త ఉప్పు కూడా దాంతో పలచబడుతుంది. ఒకేసారి ఎక్కువ నీళ్లు పోయడం కన్నా, మధ్యలో కారనిచ్చి రెండుసార్లు కొంచెం కొంచెం పోయడమే ఎప్పుడూ మెరుగు.

వెనిగర్ ఉప్పుకి దండగ. ఉప్పు ఉత్త నీళ్లకే కరుగుతుంది. వెనిగర్ పనికొచ్చేది ఆరిన నీటి చుక్కల తెల్ల మరకలకి, అదీ పదింతలు నీళ్లు కలిపి. గాల్వనైజ్డ్ ట్రైలర్ మీద అసలే వద్దు, ఆమ్లం జింకుని తినేస్తుంది. కొన్న ద్రావణాలు వాడుకోవచ్చు గానీ నీళ్లు ముందు, ద్రావణం తర్వాత. బ్లీచ్ స్టెయిన్‌లెస్‌కి శత్రువు, ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది.

నీళ్ల వనరుల గురించి ఒక మాట. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, చివరి తుడుపుకి అంతకన్నా మంచివి లేవు, మరకే పడదు. ఆర్వో వదిలేసే నీళ్లు మరక వేస్తాయి గానీ ట్రైలర్‌కి భేషుగ్గా పనికొస్తాయి. వాన పడితే చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరంటే ఒక లీటరు. 10 చదరపు మీటర్ల టార్పాలిన్ వాలుగా కడితే 10 మి.మీ. వానకి 100 లీటర్లు. బట్టలు ఉతికిన నీళ్లు ఇంజిన్‌లోకి వద్దు, నురగ పంపుని ఇబ్బంది పెడుతుంది.

లంగరు:

ట్రైలర్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. బోటు కన్నా ముందు పోయేది అదే.

దారంతా తిరిగి వేడెక్కిన హబ్‌ని (చక్రం మధ్య బేరింగులుండే భాగం) చల్లటి సముద్రంలోకి దించితే లోపలి గాలి కుంచించుకుని, సీలు సందులోంచి ఉప్పునీళ్లు లోపలికి లాగుతుంది. తర్వాత ఎంత కడిగినా ఆ నీళ్లు బయటికి రావు. దించేముందు హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే పావుగంట ఆగండి. బేరింగు గ్రీజు తెల్లబడి పాలమీగడలా ఉందంటే ఇంక గ్రీజు ఎక్కించడం కాదు, విప్పి మార్చాల్సిందే.

ఇంటికి రాగానే, బోటు కన్నా ముందు, స్ప్రేయర్ ముక్కుని సన్న ధారకి తిప్పి చక్రానికి ఒక లీటరున్నర: బ్రేక్ డిస్కుకి రెండు వైపులా, కాలిపర్ వెనక, స్ప్రింగు పట్టీల మధ్య. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ అంతే. రెండు చక్రాల ట్రైలర్‌కి 6 లీటర్లు. మిగతా ఫ్రేముకి తుడుపు చాలు. ఆరాక లానోలిన్ స్ప్రే కొట్టొచ్చు గానీ డిస్కుల దరిదాపుల్లోకి పోనివ్వొద్దు. నూనె తేలే తొట్టి నీళ్లు కూడా బ్రేకుల మీద వద్దు, లంగరు గొలుసు నానబెట్టుకోవడానికి వాడుకోండి.

బిల్జ్‌లో మూడు లీటర్లు పోసి పంపుని ఒకసారి ఆడించండి, పంపు లోపలా ఫ్లోట్ స్విచ్‌లో కూడా ఉప్పు కడిగినట్టవుతుంది. కౌల్ (ఇంజిన్ పైమూత) తీసి ఇంజిన్ మీద నీళ్లు చల్లొద్దు, తడిగుడ్డ చాలు.

కడుగుడు తప్పుతుందని చివరి అరగంట ఏదైనా మంచినీటి చెరువులోనో నదిలోనో నడిపేవాళ్లున్నారు. ఉప్పు పోతుంది, నిజమే. కానీ అక్కడి గుల్లలు, నాచు మీతో పాటు ఇంకో చెరువుకి వస్తాయి. జీబ్రా మసెల్ లాంటివి అలాగే పాకాయి. దిగితే మాత్రం బయటికి రాగానే బిల్జ్, చేపల ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ఇంకో నీళ్లలోకి దించేముందు కనీసం ఐదు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. డ్రెయిన్ ప్లగ్ తీసి జేబులో వేసుకోకండి, స్టీరింగ్‌కి కట్టేయండి, మళ్లీ దించేటప్పుడు కళ్లెదుటే ఉంటుంది.