అప్‌డేట్: మధ్యాహ్నం దాటితే పని మీద దృష్టి నిలవట్లేదన్న సమస్య తీరింది

అమలాపురంలో ఇంటి నుంచే ఆన్‌లైన్ పని చేస్తున్నాను, భోజనం అయ్యాక తలనొప్పి, చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను అని అడిగాను కదా, "ముందు కళ్ళు చూపించుకోండి" అన్నవాళ్ళకి చాలా థాంక్స్, సంగతి అదే. పరీక్షలో రెండు కళ్ళకీ సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేక చూపు మసకబారే లోపం) బయటపడింది. స్క్రీన్ చూసేటప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్ళు పొడిబారుతున్నాయని కూడా డాక్టరుగారు చెప్పారు. అద్దాలు అలవాటయ్యాక తలనొప్పి పోయింది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలకి 20 సెకన్లు చూడమన్నారు, నేనైతే కాలవ అవతలి గట్టు మీద కొబ్బరి మట్టలు చూస్తున్నాను. కిటికీ వెలుతురు స్క్రీన్ మీద పడకుండా బల్ల పక్కకి తిప్పాను, అదీ బాగా పనిచేసింది. సైట్లు బ్లాక్ చేసే యాప్, టైమర్, కాఫీ మానేయడం, వీటితో నాకు తేడా ఏమీ రాలేదు. ఫోన్ పక్కగదిలో పెట్టడం మాత్రం ఇప్పటికీ మానలేదు.