మిర్చి కోల్డ్ స్టోరేజి కంపెనీలో మా 12 శాతం వాటా 4 శాతమైంది: కేసు వేసే హక్కు పోయినట్లేనా?

ప్రశ్న (గుంటూరు)

ఇక్కడి ఒక మిర్చి కోల్డ్ స్టోరేజి ప్రైవేటు లిమిటెడ్ కంపెనీలో మొత్తం 50,000 షేర్లకు గాను 6,000 షేర్లు మా నాన్నగారివి. కిందటి ఏడాది డైరెక్టర్లు రైట్స్ ఇష్యూ (ఉన్న వాటాదారులకే వారి వాటా ప్రకారం ముందుగా కొత్త షేర్లు ఇవ్వజూపడం) పేరుతో మరో లక్ష షేర్లు జారీ చేసి, అన్నీ తమ ఇంటివారికే కేటాయించుకున్నారు. నోటీసు పంపామంటూ వారు చూపిస్తున్న స్పీడ్ పోస్టు రసీదు మీద బ్రాడీపేటలో మేము ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి డోర్ నంబరు ఉంది; అదే నెలలో డివిడెండు చెక్కు మాత్రం అమరావతి రోడ్డులోని ఇప్పటి ఇంటికే వచ్చింది. పది శాతం లేనివారు ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీ వివాదాలు వినే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్) వెళ్లలేరని కంపెనీ ఆడిటరు అంటున్నారు. నాన్నగారు ఆ దిగులుతో సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు (విజయవాడ, కంపెనీ సెక్రటరీ)

ఆడిటరు గారు చెప్పింది సగమే. 2013 కంపెనీల చట్టం 244వ సెక్షన్ ప్రకారం మూలధనంలో పదో వంతు ఉన్నవారే కాక, వందమంది సభ్యులు లేదా మొత్తం సభ్యుల్లో పదో వంతు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది కలిసి కూడా అర్జీ వేయవచ్చు. చిన్న కంపెనీల్లో ఈ రెండో దారే దగ్గర దారి, కానీ చాలామంది దాన్ని చదవకుండానే వదిలేస్తారు. రెండూ కుదరకపోతే అర్హత సడలించమని ట్రిబ్యునల్‌నే కోరవచ్చు. టాటా సన్స్ వివాదంలో 2017లో అప్పిలేట్ ట్రిబ్యునల్, కంపెనీ మీద కేసు వేసిన మిస్త్రీ కుటుంబ పక్షానికి అలాగే సడలించింది, అయితే ఆ పక్షం 2021లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అంటే సడలింపు వాకిలి తెరుస్తుందే తప్ప కేసును గెలిపించదు. ముందుగా 94వ సెక్షన్ కింద సభ్యుల రిజిస్టరు చూపమని కంపెనీకి లిఖితపూర్వకంగా రాయండి.

జవాబు (గుంటూరు, న్యాయవాది)

ఇలాంటి అర్జీలో చూపించాల్సింది అణచివేత, అంటే చిన్న వాటాదారులకు అన్యాయం చేయడం; వాటా తగ్గినంత మాత్రాన అది అణచివేత కాదు. కొత్త ఛాంబరు కట్టడానికో, బ్యాంకు అప్పు తీర్చడానికో కంపెనీకి నిజంగా డబ్బు అవసరమైతే షేర్లు జారీ చేయవచ్చని, దానివల్ల డైరెక్టర్లకు కొంత లాభం కలిగినా తప్పు కాదని నీడిల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1981లోనే చెప్పింది. కేవలం పట్టు బిగించుకోవడానికి జారీ చేస్తే మాత్రం, డేల్ అండ్ క్యారింగ్టన్ కేసులో 2004లో జరిగినట్లు, ఆ కేటాయింపు నిలవదు. కాబట్టి వచ్చిన సొమ్ము ఎక్కడ ఖర్చయిందో బ్యాలెన్స్ షీట్లలో వెతకండి. ఇష్యూ తెరవడానికి కనీసం మూడు రోజుల ముందు నోటీసు పంపాలని 62వ సెక్షన్ చెబుతోంది గనుక, ఆ డివిడెండు కవరును పోస్టల్ ముద్రతో సహా భద్రపరచండి. మీ కొత్త చిరునామా కంపెనీకి తెలుసనడానికి అంతకంటే గట్టి ఆధారం మీ చేతిలో లేదు. సివిల్ కోర్టుకు వెళ్లి కాలం పోగొట్టుకోవద్దు, ట్రిబ్యునల్ వినాల్సిన వివాదాలు సివిల్ కోర్టు వినకూడదనే 430వ సెక్షన్ అడ్డు వస్తుంది. అర్జీ వేయవలసింది ఎన్‌సీఎల్‌టీ అమరావతి బెంచ్‌లో.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రిజిస్టరు చూశాము, సభ్యులు 18 మంది. మా పిన్నిగారికి కూడా 200 షేర్లు ఉన్నాయి, ఆవిడ సంతకం చేస్తానన్నారు.

జవాబు (విజయవాడ, కంపెనీ సెక్రటరీ)

పద్దెనిమిదిలో పదో వంతుకు ఇద్దరు సరిపోతారు. అయితే పిన్నిగారి షేర్లు ఆవిడ ఒక్కరి పేరునే ఉన్నాయా, లేక మీ నాన్నగారితో ఉమ్మడిగా ఉన్నాయా అన్నది చూడండి. ఉమ్మడిగా ఉన్న షేర్లకు ఎందరి పేర్లున్నా చట్టం ఒక్క సభ్యుడిగానే లెక్కిస్తుంది.